బెల్లం చెవులు

బ్యాంకు మేనేజరుగారికి బదిలీ అయింది.
మంచాలు, బీరువా, తులసి కుండీ లారీ ఎక్కాయి.
ఇది ఎక్కలేదు.
"నెల్లాళ్ళు ఉంచండమ్మా" అన్నారు.
ఇది మూడో వానాకాలం.

వచ్చినప్పుడు దీని పేరు బ్రాందీ.
దీపాల వేళ వీధిలోకెళ్ళి
"బ్రాందీ! బ్రాందీ!" అని నేను కేకేస్తే
ఎదురరుగు మీద ముగ్గురు మగాళ్ళు తలెత్తారు.
మా అత్త నెత్తి కొట్టుకుంది:
"ఒలే, మా గౌరునాయుడు దాన్ని మానీసి ఏడాదయినాది,
నువ్వు మల్లీ గుమ్మంలోకి పిలుస్తన్నావేటి?"
ఆ రాత్రే రంగు చూసి బెల్లం అన్నాం.
అది ఏ పేరుకీ పలకలేదు.
పళ్ళెం చప్పుడికి పలికింది.

కత్తిరించిన తోక.
ఇప్పుడే ఎవరో కసిరినట్టు కళ్ళు.
చెవులు మాత్రం
కొలత తప్పి నేను కుట్టిన జాకెట్టు చేతులు.
అంబలి పోస్తే ముందు చెవులు తాగుతాయి,
తర్వాత గచ్చు తాగుతుంది,
మిగిలితే ఇది.
అందుకని తిండి వేళకి
రెండు చెవులూ నెత్తి మీదికి తీసి
బట్టల క్లిప్పు పెడతాం.
మా నీలవేణి దాన్ని పెళ్ళికూతురంటుంది.

మొదటి శ్రావణంలో చెవి చీము పట్టింది.
పులిసిపోయిన పిండి వాసన.
తల ఓ పక్కకి వాల్చి
రాత్రంతా గోడకి రాసుకుంది.
పశువులాసుపత్రిలో డాక్టరమ్మ
గేదెకి పురుడు పోసి, చేతులు కడుక్కునొచ్చి
చెవి తిరగేసి చూసింది.
"తడి ఉండనివ్వకండి. చిక్కు పడనివ్వకండి."
చుక్కల మందు రెండొందల ఎనభై.
నాలుగు జాకెట్ల కూలి.

చిక్కు అన్న మాటకి మా ఆయన తలెత్తాడు.
పంతొమ్మిదేళ్ళు జూట్ మిల్లులో
గోగునార చిక్కు తీసిన వేళ్ళవి.
గేటుకి తాళం పడ్డాక
నులకమంచం పోగులు లాగుతూ
బీడీ కట్ట విప్పుతూ, మళ్ళీ కడుతూ
ఊరికే ఉండలేకపోయిన వేళ్ళు.

ఇప్పుడు పొద్దున్నే
మోగని కూతకి ఠంచనుగా లేచి
ఒళ్ళో చెవి పరుచుకుని కూర్చుంటాడు.
"నారయినా బొచ్చయినా
కొస నుంచి రావాల. మొదలు పట్టి లాగితే తెగిపోద్ది."
పల్లేరుకాయలు ఒక్కొక్కటీ తీసి
సత్తుగిన్నెలో వేసి లెక్కపెడతాడు.
నిన్న నలభై ఒకటి.
నా జడ ఒక్కనాడూ దువ్వలేదు ఆ చెయ్యి.
మిషను తొక్కుతూ చూశాను.
నవ్వొచ్చింది.
ఇంకేదో కూడా వచ్చింది, సూదిలో దారం ఎక్కలేదు.

పల్లేర్లు చంపావతి ఒడ్డువి.
ఆదివారం గొలుసు విప్పితే
ముక్కు నేలకానించి
రెల్లు పొదలోకి దూరుతుంది.
తెల్లగా కొంగలు లేస్తాయి.
లేచాయా, టక్కున ఆగిపోయి
వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తుంది.

డాక్టరమ్మ చెప్పింది, ఈ జాతి వాటం అదేనట.
పిట్టని లేపడం వరకే దీని వంతు.
ఆ తర్వాతది తుపాకీ పట్టినవాడిది.

మా దగ్గర తుపాకీ లేదు.
కొంగలు అవతలి గట్టున దిగి
తమ చేపలేవో తాము చూసుకుంటాయి.
ఇది ఇంకా చూస్తూనే ఉంటుంది
నాలిక వేలాడేసి, చెవులు కారుతూ,
మిగతా సగం పని ఎక్కడ అన్నట్టు.
ఆయన నీళ్ళలోకి దిగి
ఒట్టి చేతులు రెండూ చాపి చూపిస్తాడు.
"బాగానే సేసినావే" అంటాడు.
"నీ తప్పేటీ లేదు."
ఆ మాట ఆయనకి ఎవరూ అనలేదు.

మొన్న మేనేజరుగారు ఫోను చేశారు.
అత్త ఎత్తింది.
బ్రాందీ ఎలా ఉందండీ అని అడిగారట.
"మా ఇంట్లో అలాటివి లేవు బాబూ" అని పెట్టేసింది.

నీలవేణి పడీపడీ నవ్వింది.
బెల్లం నెత్తి మీద క్లిప్పుతోనే
తడి గోనె మీద నిద్రపోయింది.
తడి, అన్నాను నేను.
ఆయన అప్పటికే తువ్వాలు తెస్తున్నాడు.