వెలుతురు పథ్యం

డండీలో డిసెంబరు సూర్యుడు
పార్ట్‌టైమ్ ఉద్యోగి.
ఎనిమిదిన్నర దాటాక ఒళ్లు విరుచుకుంటూ వచ్చి
మూడున్నరకల్లా సంచీ సర్దేస్తాడు.
టే నది వంతెన మీద దీపాలు వెలిగే వేళకి
మా మూడో అంతస్తు ముందుగదిలో
నేను పొద్దు పొడిపిస్తాను.

నైట్ డ్యూటీ మనిషిని.
నేనూ, నా గాజుతొట్టీ ఒకేసారి లేవాలని
మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నాను ఉదయం.
పదకొండింటికి అస్తమయం.
దాన్ని నేనెప్పుడూ చూడలేదు.
అప్పటికి ఆసుపత్రిలో
ఎవరి పక్కటెముకల్లోనో పగులు వెతుకుతుంటాను.

మొదటి రాత్రి సంగతి చెప్పాలి.
కొత్త ఎల్ఈడీ, డబ్బా విప్పిన ఉత్సాహం,
ఫోన్‌లో గీతని వేలితో పట్టి
ఎనభైకి లాగాను.
తొట్టి పెళ్లివారి షామియానాలా వెలిగింది.
నాలుగో నాడు
ఊదారంగు ఆక్రోపోరా కొమ్మ చివర
సున్నం కొట్టినట్టు తెల్లబడింది.
వడ్డించాననుకున్నాను.
వాత పెట్టాను.

నా కోటు జేబుకి ఒక బ్యాడ్జి ఉంటుంది,
నా ఒంటికి తగిలిన కిరణాలకి నెలనెలా లెక్క రాస్తుంది.
మోతాదు, మోతాదు అని రోజూ వల్లించే నోరే.
ఇంటికొచ్చాక మరిచిపోయింది.

తొట్టి నాకమ్మిన లోరిమర్ గారు
బ్రాటీ ఫెర్రీ నుంచి బస్సులో వచ్చారు,
షార్ట్‌బ్రెడ్ డబ్బాలో వెలుతురు కొలిచే మీటరుతో.
రేవులో క్రేన్లు బాగుచేసిన చెయ్యి
చొక్కా చంకదాకా మడిచి నీళ్లలో ముంచారు.
ఇసక మీద అరవై.
నడిమి రాతి మీద నూట నలభై.
కొమ్మ దగ్గర మూడు వందల ఎనభై.
ఆయన నాలుక చప్పరించారు.
"దీపం నీ కోసమా అమ్మాయ్, దాని కోసమా?"

నేను జవాబు చెప్పలేదు. కెటిల్ పెట్టాను.

దీపాన్ని జానెడు పైకి కట్టాం.
తెలుపు ఎనిమిది. ఎరుపు సున్నా. నీలం ముప్పై.
గదంతా దిగులుగా అయింది.
"ఇంత చీకటా?" అన్నాను.
మన కంటికి మసక,
దానికి మిట్టమధ్యాహ్నం అన్నారాయన.

పగడానికి వంటవాళ్లు ఒంట్లోనే ఉంటారు,
కంటికి ఆనని నాచు.
పొయ్యి మరీ మండితే
ఇల్లు వాళ్లనే బయటికి గెంటేస్తుంది.
ఆ తెలుపు, వెలుగు కాదు.
ఖాళీ అయిన వంటిల్లు.

చిన్నప్పుడు టైఫాయిడ్ తగ్గి లేచాక
మా మేనత్త బీరకాయ కూర గరిటెతో కొలిచి పెట్టేది.
ఆకలని ఏడ్చినా కంచం కొట్టినా
ఇంకో ముద్ద పడేది కాదు.
అప్పుడు తిట్టుకున్నాను.
ఇప్పుడు ఆదివారం ఆదివారం
నీలాన్ని రెండంటే రెండు పాళ్లు పెంచి
ఫోన్ బోర్లా పెట్టేస్తాను, చెయ్యి దురదపెట్టకుండా.

ఎదురింటి కుర్రాడు ఫిన్లే
మెట్ల మీద ఆపి అడిగాడు,
మీ ఇంట్లో పోలీసు కారుందా అని.
ఉంది, చాలా నెమ్మదిగా నడుస్తుంది అన్నాను.

నా ఉంగరపు వేలికీ ఒక పగడముంది,
కుజుడి కోపానికి ఎవరో చెబితే పెట్టించింది.
తొట్టిలో చెయ్యి పెట్టేముందు
దాన్ని తీసి డబ్బా మూతలో ఉంచుతాను.
బతికున్నవాళ్ల మధ్యకి
ఎముక వేసుకుని వెళ్లడం మర్యాద కాదు.

ఆ తెల్ల చివర మళ్లీ ఊదా కాలేదు.
దాని మీద ఇప్పుడు ఆకుపచ్చ నాచు పట్టింది, మామూలు నాచు.
అంగుళం కింద, పక్కకి తిరిగి,
గోరంత మొన ఒకటి లేత నీలంగా తోస్తోంది.
మొన కావచ్చు, నా ఆశ కావచ్చు.
భూతద్దం పెట్టి చూశాను, తేలలేదు.

మీటరు ఇంకా తిరిగివ్వలేదు.
ఆయనా అడగలేదు.
రేపు ఆదివారం.
నీలం నలభై రెండు దగ్గరుంది.
నలభై నాలుగు చెయ్యొచ్చు.

చెయ్యను.
ఇంకో వారం చూస్తాను.