కుడివైపు రెండో పదం

రాత్రి రెండూ పదికి
కిరండూల్ నుంచి ఖనిజం బండి.
కంచరపాలెం వంపులో చక్రాలు కీచుమంటే
మా ల్యాబులో కంటికానని ఒక్క అయాను
అవుననీ కాదనీ ఒకేసారి అంటున్నది కాస్తా
ఏదో ఒకటి అనేస్తుంది.

మూడు నెలలు బండిని తిట్టాను.
టేబులు కాళ్ల కింద రుషికొండ ఇసుక పోశాను.

బొడ్డేపల్లి మేష్టారు సుద్దముక్క గిల్లుతూ
"ఆపలేనిదాన్ని గుమ్మం బయట నిలబెడితే ఎలాగమ్మా,
లెక్కలోకి ఎక్కించీ" అన్నారు.

ఎక్కించాను. యాభై ఎనిమిది వ్యాగన్లూ,
కుడివైపు రెండో పదంగా.
బండి ఊపే ఊపుకి లేజరు ఎదురూపు.
చూడకుండానే జోకొట్టాలి; చూస్తే లేచిపోతుంది.
పదకొండు రాత్రులు నిలిచింది.

నిన్న బండి రాలేదు.
అరకు ఘాట్‌లో కొండచరియ పడిందట.
రెండూ పదికి, నిశ్శబ్దంలో,
లేని బండికి ఎదురుగా ఊగి
నా లెక్కే అయానుని కుదిపేసింది.