కాస్త జరగండి

అరవై రెండెకరాల గడ్డిచేను,
ఇరవై నాలుగు ఇళ్ళు.
భాగహారం చిన్నపిల్లలకైనా వచ్చు.
మొదటి పటంలో నేను చేసింది అదే.
వాగు మూడు ముక్కలు,
వాలు పదకొండు ముక్కలు,
ముక్కముక్కకీ ఒక డ్రైవ్‌వే, ఒక మెయిల్‌బాక్సు.
చేను ఎక్కడికీ పోలేదు,
ఎక్కడా మిగల్లేదు.

రెండో పటం రాత్రిపూట గీశాను,
కిక్కిరిసిన బస్సులో కండక్టరులా
ఇళ్ళతో మాట్లాడుతూ:
కాస్త జరగండి,
ఇంకాస్త,
ఆ మూలకి మీరు,
మూటలు ఒళ్ళో పెట్టుకోండి.
ఇరవై నాలుగూ ఉత్తరపు గట్టున
మేపుల్ చెట్ల వరసకి ఆనుకుని సర్దుకున్నాయి.
నలభై ఎనిమిదెకరాలు
ఎవరూ రుమాలు వెయ్యని సీటులా మిగిలింది.

పెన్సిల్వేనియాలో, టౌన్‌షిప్ హాల్లో,
నవంబరు మంగళవారం.
మడతకుర్చీలు, మాడిన కాఫీ.
"పక్కవాడి తుమ్ము నా వంటింట్లోకి వినపడాలా?"
అంది లెనోర్ ట్విచెల్. చప్పట్లు.
నా నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది
'చిరంజీవ' అన్న మాట.
మా వీధిలో ఏ పిల్లాడు తుమ్మినా
ఎవరో ఒకరి కిటికీలోంచి పడేది ఆ దీవెన.
మినిట్స్ పుస్తకంలో దాన్ని
సాంద్రత అని రాసుకున్నారు.

చేను అమ్ముతున్న హైరమ్ కెట్లర్ లేచాడు,
టోపీ చేతుల్లో తిప్పుతూ.
"జూలై సగందాకా నేను గడ్డి కొయ్యను.
పిట్టలు నేలమీదే గుడ్లు పెడతాయి.
మా నాన్నా కోసేవాడు కాదు,
ఆయనది బద్ధకమే అనుకోండి."
నవ్వారు.
నాలుగు, మూడు.
ఒక్క చెయ్యి తేడా.

ఆరేళ్ళయింది. జూను.
మొదటి పటం నాడు పాతిన కొయ్యమేకులన్నీ పీకించాను,
పదిహేడో నంబరు తప్ప.
అదొక్కటీ లెక్క తేలలేదు.
ఇవాళ వెతుకుతున్నాను
మోకాటి లోతు గడ్డిలో,
ఆ పటం ప్రకారమైతే
ఎవరిదో పడగ్గది నడిమధ్య నిలబడి.
బాబోలింకు పిట్ట ఒకటి
మెట్లమీద తాళాలగుత్తి జారినట్టు కూస్తూ
నా నెత్తిచుట్టూ తిరుగుతోంది.
గూడు ఇక్కడెక్కడో ఉంది.
ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలీడం లేదు.

గట్టుమీద ఇళ్ళలో ఎవరో తుమ్మారు.
ఇంకెవరో ఏదో అన్నారు, నవ్వులు.
"ఏం పోగొట్టుకున్నావు?"
వరండాలోంచి కేక.

ఒక ఇల్లు, అన్నాను.

"ఆఁ? వినపడలేదు!"

గాలి అటునుంచి ఇటు వీస్తోంది.