డ్రాగన్‌కి పట్టాలున్నాయి

దొండపర్తిలో రేకుల షెడ్డు, ఆటకి రెండు రూపాయలు.
సన్యాసప్పడి వీడియోగేముల కొట్టు.
ఓడలో వంటవాడిగా చేసే వాళ్ళ బావ
యోకొహామా నుంచి తెచ్చిన నల్ల పెట్టె,
దాని మీది అక్షరాలు మాలో ఎవరికీ రావు.
డిస్కు వేస్తే ముందు సముద్రం వచ్చేది.

మన సముద్రం కాదు.
మునిగిపోయిన ఊరి స్తంభాలు
మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడ్డ సముద్రం.
నీటికి జానెడు ఎత్తులో ఒక నీలం డ్రాగన్,
దాని నీడ దానికంటే ముందే పోతుండేది.
మెడ మీద కూర్చున్న మనిషి మొహం
ఎప్పుడూ ఇటు తిరగలేదు.
అంచేత అది నేనే.

తొలిరోజు కోపమొచ్చింది.
కుడికి నొక్కితే కాస్త కుడికి వొరుగుతుంది,
ఎడమకి నొక్కితే ఎడమకి. అంతే.
ఆ స్తంభం చాటున ఏముందో చూసొద్దామంటే వెళ్ళదు,
ఆగమంటే ఆగదు.
"ఇదేటి, దీనికి పట్టాలేసీసినారా?"
"ఏసీసినారు," అన్నాడు సన్యాసప్పడు పునుగు నములుతూ.
"నువ్వు తోలక్కర్లేదే. సూడ్డమే నీ పని."

చూపు తిప్పడానికి రెండు బటన్లు.
ముందు, కుడి, వెనక, ఎడమ.
దారి మనది కాదు గానీ
మెడకాయ మనదే.

మైలపల్లి ఎల్లాజీ వస్తే మాత్రం అందరం లేచి చోటిచ్చేవాళ్ళం.
జాలరిపేట వాడు, చొక్కా నిండా ఐసుగడ్డల తడి.
మేము బటన్ మీద వేలు టపటపలాడించేవాళ్ళం,
పోపులో ఆవాల్లాగ.
వాడు నొక్కిపట్టి ఊరుకునేవాడు.
మూగుతున్న ఎగిరే పడవల మీంచి గురిని
ఒక్కోదాన్నీ తాకిస్తూ, తొందరేమీ లేనట్టు జరిపేవాడు.
"వొదల్రా, చచ్చిపోతావ్, వొదులు!"
"నిండనీ."
నిండాక వేలు ఎత్తేవాడు.
డ్రాగన్ నోట్లోంచి వెలుగు దారాలు
వొంపులు తిరుగుతూ, దేని పడవని అది వెతుక్కుంటూ,
తెరంతా పరుచుకుని దిగేవి.
అది వాళ్ళ నాన్న చెయ్యి.
ఓ ఆదివారం లాసన్స్‌బే దగ్గర
నడుంలోతు కెరటాల్లో ఆయన వల విసరడం చూశాక గానీ
ఆ సంగతి మాకు తట్టలేదు.

నేనెప్పుడూ వెనకనుంచి వచ్చేవాటికే పోయేదాన్ని.
"ఎనక్కి సూడే గుంటా, ఎనక్కి!"
ఒకసారి తిప్పి, అలాగే ఉంచేశాను.
ఏమీ రావట్లేదు అటునుంచి.
మేము దాటొచ్చిన నీళ్ళు, చిన్నవైపోతున్న స్తంభాలు,
మధ్యలో తెడ్డులా ఆడుతున్న తోక.
వచ్చిన దారిని అంత తీరిగ్గా
అప్పటిదాకా ఎవరూ నాకు చూపించలేదు.
ముందునుంచి వచ్చిందేదో కొట్టింది.
రెండు రూపాయలు పోయాయి.
మర్నాడు మళ్ళీ అలాగే పోగొట్టుకున్నాను.

ఆరో మజిలీ మేమెవరం చూడలేదు.
రెండు వానాకాలాల ఉప్పుగాలికే ఆ పెట్టె ఊపిరి ఆగింది.
డ్రాగన్ ఎక్కడికి పోతోందో ఈరోజుకీ తెలీదు.
దానికి తెలిసే ఉంటుంది,
పట్టాలున్నాయిగా.

ఇప్పుడు నేను కిరండూల్ లైన్లో గూడ్సు గార్డుని.
కొత్త పేరేదో పెట్టారు, నా నోటికి అలవాటు కాలేదు.
ఎర్రమన్ను రంగు ఇనప రాయి నిండిన పెట్టెలన్నిటికీ చివర
నా పెట్టె, నా ఇనప కుర్చీ.
బొర్రా దాటి చిమిడిపల్లి వైపు దిగుతుంటే
సొరంగం వెనక సొరంగం.
దూరిన నోరు వెనకాల అరచేయంత వెలుగు,
తర్వాత రూపాయి బిళ్ళ,
తర్వాత మినప గింజ.
చీకట్లో నా బొటనవేలు
జెండా కర్రని ఊరికే నొక్కుతుంటుంది.

మొన్న ఫిషింగ్ హార్బర్లో ఎల్లాజీ కనిపించాడు,
చెవుల దగ్గర తెల్లబడ్డాడు.
వాడి బోటులో చేపల జాడ చూపించే చిన్న తెర ఉందిట,
అందులో చుక్కలు నిండేదాకా
వల దింపనివ్వడని కళాసీలు తిట్టుకుంటారుట.
నన్ను ఎగాదిగా చూసి,
"ఇంకా ఎనక్కే సూత్తన్నావా?" అన్నాడు.
"జీతమిస్తున్నార్రా," అన్నాను.
ఐసు లారీ హారన్ కొడితే
ఇద్దరం చెరో పక్కకీ తప్పుకున్నాం.