ఏటి

పొద్దున్న మాటాడినాయన టై కట్టుకొచ్చినాడు.
విశాఖ కంపెనీ. ప్యాకేజీ ఎన్ని లక్షలో సెప్పినాడు,
రెజ్యూమె ఒక్క పేజీ దాటకూడదన్నాడు.
సెమినార్ హాలు నిండిపోయి
కిటికీల్లో కూడా కూకున్నారు గుంటలు.
సమోసాలు ఆయనతోనే అయిపోనాయి.

మజ్జాన్నం రీసెర్చి అన్నారు.
ఆమదాలవలస రైలుకి కొందరు, టెక్కలి బస్సుకి కొందరు
ఎలిపోగా పందొమ్మిదిమంది మిగిలినారు.
నాను లెక్కలోకి రాను,
మైకు వైరు బిగించీవోణ్ణి.

సీపాన ఇందుమతి మేడం
సెప్పుల నిండా దుమ్ముతో ఒచ్చినాది.
మాటలు ఇనీ మిషను మీద పదకొండేళ్లు పన్జేసినాదట.
నూటికి తొంబైనాలుగు సరిగ్గా పడతాదట.
"ఎవరైనా వచ్చి మాట్లాడండి" అన్నాది.

ఎవలూ లెగనేదు.
ఆకర్ని ఎనకబెంచీలోంచి గొర్లె గున్నేశ్వరి,
సంతబొమ్మాళి పిల్ల,
హాజరుకి తప్ప నోరిప్పనిది,
మైకు రెండు సేతుల్తో పట్టుకోని
"ఉక్కగుంది. ఏటి సెయ్యాల?" అన్నాది.

మిషను ఆలోసించినాది. సుక్కలు మూడు ఎలిగి ఆరినాయి.
"క్షమించండి. ఏటి నీటిమట్టం వివరాలు
ప్రస్తుతం నా వద్ద లేవు."

హాలు పగలబడి నవ్వినాది.
ప్రిన్సిపాలుగారు నవ్వినారు, నానూ నవ్వినాను.
కిటికీకవతల నాగావళి,
ఇసక మేటలు, మోకాల్లోతు నీరు.
మేడం మాత్రం నవ్వనేదు.
బోర్డు మీద రాసినాది: ఏటి.
"తొంభైనాలుగు ఎవరి నోళ్లలోవో లెక్కేశాం మేము.
మిగతా ఆరూ ఎక్కడుంటాయో
ఇన్నాళ్లూ అడగలేదు."
సుద్దముక్క సేతిలోనే ఇరిగిపోనాది.

గున్నేశ్వరి ఇంకా కూకోనేదు.
"అదడిగితే ఉద్యోగం ఒస్తాదా మేడం?"
"తెలీదు" అన్నాది మేడం.
పొద్దున్నాయన
ఒక్కసారన్నా అనని మాట.

సాయంత్రం వైర్లు సుడతన్నాను.
గొడుగు మర్సిపోనానని ఎనక్కొచ్చినాది గుంట.
"అప్పలసూరి సిన్నాన్నా, నీ గొంతు ఫోన్లో పడతాను, మాటాడు."
నాను మాటాడ్డానికేటుంది?
ఇరవైయేళ్లు ఈ లేబులో
పాడైనవి రాసుకోడఁవే నా పని.
అదే సెప్పినాను.
మూడోదాని మౌసు సచ్చిపోనాది.
పదకొండోది గుద్దితే గాని లెగదు.
ఇరవైరెండోది బాగానే ఉంది,
దాని ముందర కుర్సీయే ఇరిగిపోనాది,
అందుకే ఎవలూ కూకోరు.

అయిపోనాదనుకున్నాను.
ఫోన్లో ఎర్రసుక్క ఎలగతానే ఉంది.
"ఇంకేటి?" అన్నాది.