ముప్పై సుట్లు, ఒక్క చెవు

సముద్రం ఒడ్డున జరిగే పెద్ద పందెంల
పేరు రాసుకునుడే మూడొందల దిర్హాములట.
బుచ్చిలింగం కాయితం సూసి నవ్విండు:
"ఉరుకుతందుకు ఎదురు పైసలిస్తరా ఎవలన్నా?
మా దిక్కు కుక్క తరిమితే పుక్కట్నే ఉరుకుతం."

అందుకే
సజ్జా క్యాంపు గోడ సుట్టే ఉరుకుదామనుకున్న.

గుల్ జమాన్ తన టిప్పరు ఒక్క సుట్టు తిప్పి
మీటరు సూసి సెప్పిండు, ఒకటీ పాయింటు నాలుగు.
గట్ల ముప్పై సుట్లు.
పైన మిగిలే నూటతొంబై అయిదు మీటర్లు
గేటు కాడికెల్లి మెస్సు దాకా.
లెక్క తప్పొద్దు, నలుగురి పైసల ముచ్చట.

పైసలు రాజమల్లుకు.
పదకొండేండ్లు బ్రేకరు పట్టిండు
ఎవలెవలి రోడ్లో, ఎవలి బంగ్ల పునాదులో
పగలగొట్టంగ పగలగొట్టంగ
లోపట ఇంకేందో పలిగింది.
ఇప్పుడు ఫోన్ల బిడ్డ మాట్లాడితే
తెర మీద పెదవులు సూసి
"ఆ, తిన్న, తిన్న" అని ఒర్లుతడు.
ఆ పిల్ల అడిగింది అది కాదు.

రోలా బజార్ల కుప్పల దొరికినయి బూట్లు,
ఎడమది ఎనిమిది, కుడిది తొమ్మిది.
పదిహేనన్నడు, పన్నెండుకు తెంపిన,
కుడిదాంట్ల పాత బనీను ముక్క కుక్కిన.

నాలుగున్నరకు బస్సు, మూడింటికే లేసుడు.
మొదటి దినం వాచ్‌మెన్ తిలక్ బహదూర్
టార్చి కొట్టుకుంట ఎంటవడ్డడు
ఏం ఎత్కపోతున్నవని.
సిమెంటు లారీ పోతే నోరు మూసుకోవాలె,
దుమ్ము దిగినంక మళ్ల ఊపిరి.
రాత్రి మిగిలిన ఖుబూసు, నీళ్ల పప్పు,
మసీదు కాడ ఇచ్చిన ఖజూర్లు రెండు జేబుల.
నాలుగు సుట్లకే పిక్కలు రాళ్లయితుండె,
నెలకు పది, తర్వాత పద్దెనిమిది.

కుంజుమోన్ దుకాణంల ఖాతా బుక్కు.
మా బాకీలతోని నల్లబడ్డ బుక్కు.
దాన్నే తిరగేసి కడపటి పేజీల రాసినం:
గుల్ జమాన్, సుట్టుకు అయిదు.
కుంజుమోన్ రెండు.
షఫీకుల్ చారాణ.
తిలక్ బహదూర్, నడిస్తే ఏమియ్య, ఉరికితే ఒకటి.

శుక్రారం పొద్దుగాల రాజమల్లు
గేటు కాడ బకెటు బోర్లేసుకొని కూసున్నడు,
సుట్టుకో సీసా మూత పక్కన పెట్టుకుంట.
చెవులు లేనోని గొంతు గదా
"పన్నెండూ!" అంటే
నైటు షిఫ్టు చేసొచ్చి పండినోల్లు గూడ లేసిండ్రు.
ఇరవై రెండు కాడ కాలు గుంజి కింద కూసున్న.
బుచ్చిలింగం నీళ్లు పోసి పిక్క పిసికిండు,
తిట్టుకుంట పిసికిండు.
ఇగ లుంగీ ఎగ్గట్టి, రబ్బరు చెప్పులతోని
నా పక్కన ఒక సుట్టు ఉరికిండు,
వానెనుక ఇంకో ఇద్దరు,
వాల్లు దమ్ము తీసుకుంటే మరో ముగ్గురు.
ఆరు గంటల పదకొండు నిమిషాలు.
మెస్సు గడప మీద బోర్ల పడ్డ.

షఫీకుల్ లెక్కకు ఏడున్నర,
ఎనిమిదిచ్చి అద్ద తీసుకోలే.
అంతా కూడితే తొమ్మిదొందల నలబై.
జత మిషన్లకు పద్దెనిమిదొందలు.
అంటే ఒక్క చెవే.
"ఎడమది" అన్నడు రాజమల్లు,
"ఫోను అటే పెట్టుకుంట."
బూట్ల పన్నెండు ఇంకా నా పేరు మీదనే ఉన్నయి
ఆ బుక్కుల, ముందటి పేజీల.

మిషను పెట్టుకున్న రాత్రి
తలెత్తి పైకి సూసిండు.
"ఈ ఏసీ గింత లొల్లి జేస్తదారా?
నాలుగేండ్ల సంది దీని కిందనే పంటున్ననా?"
మేం నవ్వితే ఉలిక్కిపడ్డడు.

అటెంక ఫోను పట్టుకొని బయటికి పోయిండు.
గోడెంట, ఇసుక నా అడుగులకు గట్టిపడ్డ కాడ,
అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.
ఏం మాట్లాడుకున్నరో మాకు ఇనరాలే.
పదకొండేండ్లల్ల మొదటిసారి
మెల్లగ మాట్లాడిండు.