ముందు షాఫ్టు

ఆవడి వేలంలో కొన్న లారీ.
ఒంటికింకా పచ్చరంగే.
తలుపు మీద చెరిపేసిన నెంబరు
వేలితో తడిమితే తగులుతుంది.
"లీటరుకి మూడు కిలోమీటర్లు, తాగుబోతు బండి" అని
కనకవల్లమ్మ తాళం నా బల్ల మీద పడేసింది.
"మోసేది నీళ్లు, తిరిగేది వేళచ్చేరి సందులు.
కొండలెక్కేదుందా, ఏర్లు దాటేదుందా?
ముందు చక్రాలకి అంత ఉద్యోగం ఎందుకు,
పీకెయ్ పెంచలయ్యా."

పుదుపేటలో పీకడానికి ముహూర్తం చూడరు.
అట్టముక్క పరుచుకుని వెల్లకిలా కిందికి దూరాను.
ముప్పయ్యేళ్లుగా నేను చూసిన ఆకాశం చాలావరకు ఇదే:
నల్లగా, జిడ్డుగా,
ఒక్కోసారి కంట్లో రాలుతూ.

ఎనిమిది బోల్టులు. ఏడు మాట విన్నాయి.
ఎనిమిదోది కిరసనాయిలు తాగి, నిప్పు తిని,
రాత్రంతా ఆలోచించుకుని
పొద్దున టీ వేళకి ఊడింది.
షాఫ్టు నా రొమ్ము మీదికి దిగింది
ఒళ్లు తెలియకుండా నిద్రపోయే మనిషి బరువుతో.

ఛాసిస్ మడతలో గడ్డకట్టిన మట్టి గీకితే
కందిగింజంత రాయి, ఊదారంగుది.
మా నాయుడుపేట రాయి కాదు, ఇక్కడిదీ కాదు.
ఏ మంచుదారిలో ఎక్కిందో, దిగడం మర్చిపోయింది.
"సానబెడితే ఉంగరానికొస్తుంది" అన్నాడు మా మస్తాను.
అగ్గిపెట్టెలో వేసి పెట్టాను.

తీయడం సులువే.
తీసినచోట మూయడమే పని.
పావంగుళం రేకు గుండ్రంగా కోసి,
పోయినేడాది క్యాలెండరు అట్ట దాని మీద పరిచి
అంచు చుట్టూ సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే
గాస్కెట్టు దానంతటదే అచ్చు దిగుతుంది.
ఆడి నెల పదమూడు నుంచి ఇరవై దాకా
ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు నోటికి మూత.
చుక్క నూనె కారదు.

ముందు చక్రాలింక లాగవు.
తిప్పినవైపు తిరుగుతాయి, తోసినంత దొర్లుతాయి.
మనలో చాలామందిమి అంతేగదా అనబోయాను,
నోట్లో బోల్టులున్నాయి, ఊరుకున్నాను.

డ్రైవరు సగాయం వచ్చాడు.
పటాలంలో పదకొండేళ్లు ఇదే రకం బండి నడిపినవాడు.
"ఆ చిన్న పిడి మాత్రం తీయొద్దన్నా."
"అది ఇంక దేనికీ తగలదయ్యా."
"తెలుసు. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టుకోను మరి?"

ఉంచాను.

కార్తీకంలో వాన పట్టుకుంది, మూడు రోజులు వదల్లేదు.
నీళ్లమ్మే బండి నీళ్లలోనే దిగబడింది,
ముడిచూరు అవతల, చెరువు పొర్లిన బురదలో.
వెనక చక్రాలు గుంత తవ్వుకుని అందులోనే కూర్చున్నాయట.
సగాయం ఎడమచెయ్యి, అతన్ని అడక్కుండా,
పిడి పట్టుకుని ముందుకి తోసిందట.
టక్కుమని పడింది కూడానట.
"కదిలినట్టే అనిపించిందన్నా, ఒక్క గడియ."

చివరికి బరువు తగ్గాలని వాల్వు తిప్పేశారు.
తొమ్మిది వేల లీటర్ల మంచినీళ్లు
వాననీళ్లలో కలుస్తుంటే
వీధి వీధంతా బిందెలు తెచ్చి
తొడల్లోతు వరదలో నిలబడి
నీళ్లు పట్టుకుందట, వరస తప్పకుండా.

వాన వెలిశాక కనకవల్లమ్మ వచ్చింది.
దూలానికి వేలాడదీసిన షాఫ్టుని కిందనుంచి చూసి
"మళ్లీ బిగించడానికి ఎంతవుతుంది?" అంది.
చెప్పాను.
"మళ్లీ వానాకాలానికి చూద్దాం" అని చెప్పులేసుకుంది.

సగాయం మాత్రం నిలబడ్డాడు.
అగ్గిపెట్టె ఇచ్చాను.
రాయి తీసి, వెలుతురుకి పట్టి చూసి,
నాలిక మీద పెట్టుకున్నాడు.
"ఉప్పు లేదు" అన్నాడు.
ఇంకేం చెప్పలేదు.
అగ్గిపెట్టె జేబులో వేసుకుని,
బండెక్కి,
పిడి మీద చెయ్యి వేశాడు.